అవగాహన: మొదటి పార్థికా లీజియన్ – రోమన్ తూర్పు సరిహద్దు

రోమ్–పర్షియా పోరుపై వచ్చే ప్రశ్నల్లో చక్రవర్తులు, ముట్టడులు, సంధులు విడివిడిగా కనిపిస్తాయి. ఈ ఒక్క లీజియన్ (రోమన్ సైనిక దళం) స్థావరాలు ఎలా మారాయో చూస్తే వాటి క్రమం తేలిగ్గా పట్టుబడుతుంది.

ఏర్పాటు

• పార్థియాతో యుద్ధం కోసం రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ క్రీ.శ. 195–197 ప్రాంతంలో మూడు పార్థికా లీజియన్లను నెలకొల్పాడు.
• 1, 3 లీజియన్లను మెసొపొటేమియా రాష్ట్రంలోనూ, 2వ దాన్ని రోమ్ సమీపంలోని అల్బానమ్‌లోనూ ఉంచాడు.
• వీటి నాయకత్వాన్ని సెనేటర్లకు కాకుండా ఈక్వెస్ట్రియన్ వర్గపు ప్రిఫెక్టులకు అప్పగించాడు.
• మొదటి లీజియన్ స్థావరం సింగారా (నేటి ఇరాక్‌లోని సింజార్).

మారిన శత్రువు

224లో అర్దషీర్ పార్థియన్లను ఓడించడంతో పర్షియాలో అతని వంశమైన సస్సానియన్ల యుగం మొదలైంది. 298లో వారిపై రోమన్ పాలకుడు గెలేరియస్ గెలుపు తర్వాత కుదిరిన నిసిబిస్ సంధితో టైగ్రిస్ అవతలి ప్రాంతాలపైనా రోమ్‌కు పట్టు దొరికింది. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి పూనుకున్నవాడు సస్సానియన్ రాజు రెండవ షాపూర్. నిసిబిస్ నగరాన్ని మూడుసార్లు ముట్టడించినా లొంగదీసుకోలేకపోయాడు. 359లో అమిడా నగరాన్ని మాత్రం 73 రోజుల ముట్టడితో పట్టుకున్నాడు.

సింగారా పతనం (360)

రోమన్ చరిత్రకారుడు అమ్మియానస్ మార్సెల్లినస్ రాసినదాని ప్రకారం, నగర రక్షణకు నిలిచింది మొదటి పార్థికా, మొదటి ఫ్లావియా లీజియన్లు. కొత్తగా బాగుచేసిన ఒక గుండ్రటి బురుజు కట్టడం ఇంకా తడి ఆరలేదు. పర్షియన్లు గోడలు కూల్చే దూలాన్ని దానిపైనే ప్రయోగించారు. ప్రధాన రోమన్ సైన్యం దూరాన నిసిబిస్ దగ్గర ఉంది. సింగారా చుట్టూ నీరు దొరకని ఎండు నేల కావడంతో సాయం పంపడం ఎప్పుడూ కష్టమే. బతికిన సైనికులను పర్షియాలోని మారుమూల ప్రాంతాలకు బందీలుగా తరలించారు.

363 సంధి, ఆ తర్వాత

రోమన్ చక్రవర్తి జూలియన్ పర్షియాపై దండయాత్రలో మరణించాక, అతని తర్వాత చక్రవర్తి అయిన జోవియన్ సంధిలో నిసిబిస్, సింగారా, 15 కోటలను షాపూర్‌కు వదులుకున్నాడు. అయినా లీజియన్ పేరు చెరిగిపోలేదు. రోమన్ అధికార పదవుల పట్టిక ‘నోటిషియా డిగ్నిటాటమ్’లో అది ‘మొదటి పార్థికా నిసిబెనా’గా, మెసొపొటేమియా డ్యూక్ కింద కాన్‌స్టాంటినా (నేటి తుర్కియేలోని విరాన్‌షెహిర్)లో కనిపిస్తుంది. సరిహద్దు పడమరకు జరిగిందనడానికి ఇదీ ఒక ఆధారం.

పొరబడే చోటు

360లో సింగారాను గెలిచింది సస్సానియన్లు, పార్థియన్లు కాదు. నిసిబిస్‌ను షాపూర్ యుద్ధంలో గెలవలేదు, సంధిలో పొందాడు.

మాదిరి ప్రశ్న

కాలక్రమంలో అమర్చండి: ఎ) సింగారా పతనం బి) అమిడా ముట్టడి సి) జోవియన్ సంధి డి) గెలేరియస్ విజయం

జవాబు: డి, బి, ఎ, సి