ఆటలో నాయకత్వం, ఇంటిలో సేవ



“ఆన్‌లైన్ ఆటల వలన నాయకత్వం అలవడుతుంది” అంటారు పిల్లలు. “కళ్ళు పాడవడం తప్ప ఒరిగేదేమీ లేదు” అంటారు తల్లిదండ్రులు. రాత్రి జపమాలకు పిలిచే వేళ ఎన్నో కుటుంబాలలో ఈ వాదన మొదలవుతుంది. ఇరువురి మాటలోను కొంత నిజముంది.

ముందుగా పిల్లల మాట విందాం. 2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆటలో, తొలి రోజులలో కొన్ని పెద్ద పోరాటాలకు 40 మంది కలిసి దిగేవారు. అందరినీ ఒక వేళకు సమకూర్చడం, ఎవరి పని వారికి అప్పగించడం, ఓడితే పొరపాటు వెదకి మరల ప్రయత్నించడం జట్టు నాయకుని బాధ్యత. ఇటువంటి ఆటలు నాయకత్వానికి ప్రయోగశాలల వంటివని 2008లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో ముగ్గురు రచయితలు వ్రాశారు. కనుక పిల్లల మాటను కొట్టివేయలేం.

అయితే ప్రయోగశాలలో నేర్చినది బయట ఉపయోగపడాలి కదా! ఆటలో విసుగు పుడితే మీట నొక్కి వెళ్ళిపోవచ్చు. నచ్చనివానిని జట్టునుండి తొలగించవచ్చు. మంచం పట్టిన తాతయ్యను, చదువులో వెనుకబడిన తమ్ముణ్ణి అలా తొలగించగలమా? క్రీస్తు ప్రభువు కడరా భోజన వేళ నడుముకు తువాలు చుట్టుకొని శిష్యుల పాదాలు కడిగారు (యోహాను 13). తనను అప్పగించబోయే యూదాను కూడ అప్పటికి వెళ్ళగొట్టలేదు. నాయకత్వానికి క్రైస్తవుని కొలబద్ద ఇదే.

2025 సెప్టెంబరు 7న 14వ లియో పోపుగారు పునీతునిగా ప్రకటించిన కార్లో అకుటిస్ మన పిల్లల వంటివాడే. వీడియో ఆటలంటే ఇష్టం. అయినా వారానికి ఒక గంట మాత్రమే ఆడాలని తనకు తానే హద్దు పెట్టుకున్నాడు. కంప్యూటర్ నేర్పును దివ్యసత్ప్రసాద అద్భుతాలను తెలిపే వెబ్‌సైట్‌కు వినియోగించాడు. ఇల్లులేని పేదలకు తోడ్పడ్డాడు. 2006లో 15వ యేట మరణించాడు. తనను తాను ఏలుకున్నవాడే ఇతరులను నడిపించగలడు.

ఆ హద్దు చెరిగితే ప్రమాదమే. ఆటను అదుపు చేసుకోలేక, చదువు, నిద్ర, బంధాలు చెడుతున్నా మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా గుర్తించింది. ఆ వర్గీకరణ 2022 జనవరి 1 నుండి అమలులో ఉంది. అటువంటి బిడ్డకు తిట్లు కాదు, వైద్య సలహా కావాలి.

తల్లిదండ్రులారా, ఫోను లాక్కొనడంతో మీ బాధ్యత తీరదు. “నలుగురిని నడిపించగలనంటున్నావు కదా! ఈ వారం ఇంటి ప్రార్థనను నువ్వే నడిపించు” అని చెప్పి చూడండి. బిడ్డ తడబడినా నవ్వకండి.

కుటుంబంలో చర్చించుకోండి:

1. ఆటలో నేర్చిన ఏ మంచి గుణం ఈ వారం మన ఇంటిలో కనిపించింది?
2. ఆటకు మనం ఏ హద్దు పెట్టుకుందాం? పెద్దల ఫోనుకు కూడ ఆ హద్దు వర్తిస్తుందా?
3. మన ఇంటిలో ఎవరి పాదాలు కడగవలసి ఉంది?