మెయిన్‌లో కలిపే ముందు ఇంకొకరు చూడాలి

పట్టిసీమలో ఎత్తిపోసిన గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో కలుస్తాయి. అదే కృష్ణ కిందికి వెళ్లాక పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి, దివిసీమను మధ్యలో పెట్టుకుని విడివిడిగానే సముద్రం చేరుతుంది. కోడింగ్‌లో బ్రాంచ్ అంటే ఏమిటని అడిగిన పిల్లలకు నేను ఈ రెండు చోట్లూ చూపిస్తాను. బ్రాంచ్ అంటే పాయే. కాకపోతే పులిగడ్డ దగ్గరిలా విడిపోయి ఊరుకుంటే కుదరదు, ఫెర్రీ దగ్గరిలా వచ్చి కలవాలి.

చిక్కంతా ఈ కలపడం దగ్గరే. మన ఇంజినీరింగ్ విద్యార్థుల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చాలావరకు వాట్సాప్‌లోనే నడుస్తాయి. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘లేటెస్ట్ ఫైనల్’ అంటూ జిప్ ఫైళ్లు తిరుగుతుంటాయి. డెమో ముందు రాత్రి ఒకరి మార్పుల మీద ఇంకొకరివి పడి, నిన్నటిదాకా పనిచేసిన లాగిన్ పేజీ కాస్తా పోతుంది. లినక్స్ మీద పనిచేసేవాళ్ల కోసం 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్, ఒకరి కోడ్‌ను ఇంకొకరు తొక్కేసుకోకుండా కాపాడుతుంది. మనం నలుగురమే కదా, మనకెందుకు అనుకోవద్దు. నలుగురున్నప్పుడు అలవాటు కానిది నలభైమందిలో అబ్బదు.

పద్ధతి కష్టమేమీ కాదు. అందరి పనీ చివరకు చేరే మెయిన్ బ్రాంచ్‌ను నేరుగా ఎవరూ ముట్టుకోకూడదు. ఒక్కో చిన్న పనికి ఒక్కో బ్రాంచ్ తీసి, రెండు మూడు రోజుల్లో పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పులు మెయిన్‌లో కలపమనే విన్నపం, పెట్టాలి. వారాల తరబడి నానబెడితే కలిపేటప్పుడు కాన్‌ఫ్లిక్టులతో తల బొప్పి కడుతుంది. ప్రాజెక్టు కోడ్ ఉండే రిపోజిటరీ అందరికీ కనిపించే పబ్లిక్‌ది అయితే, ఇంకొకరు అప్రూవ్ చేసేదాకా మెయిన్‌లో కలవకుండా గిట్‌హబ్ ఉచిత ఖాతాలోనే కట్టడి పెట్టుకోవచ్చు. మన పుల్ రిక్వెస్ట్‌ను మనమే అప్రూవ్ చేసుకోవడానికి అది ఒప్పుకోదు.

అసలు విద్య ఒకరి కోడ్ ఇంకొకరు చదివి చెప్పే రివ్యూలోనే ఉంది. ఒక ఉదాహరణ చూడండి. రిజిస్ట్రేషన్ పేజీ రాసిన అమ్మాయి మై ఎస్‌క్యూఎల్ టేబుల్‌లో మొబైల్ నంబర్‌కు ‘ఇంట్’ అని పెట్టింది. టెస్టింగ్‌కు 12345 అని కొట్టి చూసింది, పనిచేసింది. రివ్యూ చేసే స్నేహితుడు ‘తప్పు, మార్చు’ అని రాస్తే ఆమె మారుస్తుంది గానీ ఏమీ నేర్చుకోదు. అతను ఇలా రాయాలి: ‘ఇంట్‌లో పట్టే గరిష్ఠ సంఖ్య 2147483647. మన మొబైల్ నంబర్లకు పది అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపు. ఒక్క నంబరూ పట్టదు. వీటితో కూడికలు, తీసివేతలు చేయం కదా, వార్‌చార్ పెడదామా?’ ఇందులో కారణం ఉంది, దారి ఉంది, మనిషి మీద మాట లేదు.

వ్యాఖ్య రాయించుకున్నవాళ్లకూ ఓర్పు కావాలి. ‘నా కోడ్‌కే వంక పెడతావా’ అని ముఖం మాడ్చుకుంటే అవతలివాళ్లు రేపటినుంచి చదవకుండానే అప్రూవ్ నొక్కేస్తారు. అంతకు మించిన నష్టం లేదు.

ఈ పద్ధతి పట్టుబడ్డాక బయటి ప్రాజెక్టులవైపు చూడండి. తెలుగువాళ్ల స్వేచ్ఛ సంస్థ లాంటివి ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాయి. డాక్యుమెంటేషన్‌లో తప్పు దిద్దడం, తెలుగు అనువాదం సరిచేయడం లాంటి చిన్న పనితో మొదలుపెట్టవచ్చు. ముక్కూ మొహం తెలియని సీనియర్ మీ కోడ్‌కు వ్యాఖ్య రాస్తే అది ఉచితంగా దొరికిన పాఠమే.

ఇంటర్వ్యూలో ‘టీమ్‌లో పనిచేశారా?’ అని తరచుగా అడుగుతారు. అవునంటే సరిపోదు. రెజ్యూమెలో రిపోజిటరీ లింకు ఇచ్చి, ఆ మొబైల్ నంబర్ లాంటి పుల్ రిక్వెస్ట్ ఒకటి తెరిచి చూపండి. మొదట ఏం రాశారో, ఎవరు ఏమన్నారో, ఎందుకు మార్చారో తేదీలతో సహా అక్కడే ఉంటుంది.