విధి నిర్వహణలో అసువులు బాసిన పోలీసుల కుటుంబములు – ఆరోగ్య బీమా

శాంతిభద్రతల పరిరక్షణకై ప్రాణములర్పించిన వారిని స్మరించుట పెక్కు దేశములందు ఆచారముగా ఉన్నది. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులకు మన పోలీసు జవానులు పదిమంది బలియైనారు. వారి స్మృత్యర్థము ఆ దినమును మనము పోలీసు అమరవీరుల సంస్మరణ దినముగా పాటించుచున్నాము. అమెరికాలో 1962 నుండి మే 15వ తేదీ అట్టి దినముగా ఉన్నది. గౌరవ వందనము ముగియును, పుష్పగుచ్ఛములు వాడిపోవును, ఆ కుటుంబము ఇంటికి మరలిపోవును. అటుపిమ్మట ఆ ఇంటిలో బిడ్డ జబ్బుపడినచో వైద్యమునకగు ఖర్చును ఎవరు భరింతురు? ఈ ప్రశ్న అమెరికాలో మిక్కిలి తీవ్రమైనది. అక్కడి చట్టములు దీనికి ఇచ్చిన సమాధానములను పరిశీలించినచో మనకు కూడ కొన్ని సంగతులు బోధపడగలవు.

ఉద్యోగముతో ముడిపడిన బీమా

అమెరికాలో పనిచేయు వయస్సుగల వారిలో అధిక సంఖ్యాకులకు ఆరోగ్య బీమా ఉద్యోగము ద్వారానే లభించుచున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, ప్రభుత్వము జీతముల పెంపుదలపై ఆంక్షలు విధించినది. జీతము పెంచుటకు వీలులేని యజమానులు బీమా సౌకర్యమును చూపి పనివారిని ఆకర్షించిరి. క్రమముగా అదియే దేశమంతట పద్ధతియైనది. 1965లో ఏర్పడిన మెడికేర్ పథకము ప్రధానముగా 65 ఏండ్లు నిండిన వృద్ధులకు ఉద్దేశింపబడినది.

ఈ పద్ధతిలోని చిక్కు సులభముగనే గ్రహింపవచ్చును. ఉద్యోగి మరణించినచో ఉద్యోగము పోవును. ఉద్యోగముతోబాటు బీమా కూడ పోవును. అనగా, ఇంటికి ఆధారమైన వ్యక్తిని కోల్పోయిన సమయముననే ఆ కుటుంబము వైద్య రక్షణను సైతము కోల్పోవు ప్రమాదము గలదు.

దీనికి కొంత ఉపశమనముగా 1986లో ‘కోబ్రా’ అను పేరుగల చట్టము అమలులోనికి వచ్చినది. ఇరువది మంది గాని, అంతకు మించి గాని ఉద్యోగులున్న సంస్థలకు ఇది వర్తించును. ఉద్యోగి మరణించినచో భార్యాబిడ్డలు 36 నెలల వరకు అదే బీమాలో కొనసాగవచ్చును. అయితే మొత్తము ప్రీమియంలో 102 శాతము వరకు వారే చెల్లింపవలసి ఉండును. ఊహకొరకు ఒక లెక్క వేయుదము. నెలకు ప్రీమియం 1,000 డాలర్లనుకొందము. అందులో 800 డాలర్లు కార్యాలయము చెల్లించుచు, 200 డాలర్లు మాత్రమే జీతము నుండి కోతపడుచుండెననుకొందము. భర్త మరణించిన తరువాత ఆమె చెల్లింపవలసినది 1,020 డాలర్లు. జీతము ఆగిపోయినది, చెల్లింపు ఐదు రెట్లు దాటినది! పైగా ఈ సౌకర్యము కావలెనని తెలియజేయుటకు ఆమెకు లభించు గడువు సాధారణముగా 60 దినములు. దుఃఖమున మునిగిన ఇంటిలో కాగితములను చదువువారెవరు?

వ్యవధిని కూడ గమనింపుడు. ముప్పది ఏండ్ల వితంతువు మెడికేర్ వయస్సునకు చేరుటకు ఇంకను 35 ఏండ్లున్నవి. కోబ్రా ఆదుకొనునది మూడేండ్లు మాత్రమే.

ఏకమొత్తపు సహాయము

విధి నిర్వహణలో మరణించిన పోలీసుల కుటుంబములకు ఫెడరల్ ప్రభుత్వము 1976లో ఒక చట్టము ద్వారా 50,000 డాలర్ల సహాయమును నిర్ణయించినది. 1988లో అది లక్ష డాలర్లయినది. 2001లో రెండున్నర లక్షలకు పెరిగినది. ధరలననుసరించి పెరుగుచు నేడు నాలుగు లక్షల డాలర్లను దాటినది. పిల్లల చదువునకు వేరుగా సహాయము కలదు. ఇది గొప్ప మేలే. కాని ఇందులో ఆరోగ్య బీమా లేదు. ఏకమొత్తపు ధనము ఇంటి అప్పునకు, నిత్యావసరములకు కొంత కొంతగా వ్యయమై పోవును. రోగము మాత్రము ముందుగా తెలిపి రాదు. ఒక్కసారి వచ్చి ఊరుకొనునదియు కాదు. కావున ధన సహాయము, బీమా రక్షణ రెండును వేర్వేరు అవసరములని గుర్తింపవలెను.

రాష్ట్రముల మార్గములు

ఈ లోటును పూడ్చుటకు పలు రాష్ట్రములు తమ తమ చట్టములను చేసికొన్నవి. వానిలో మూడింటిని పరిశీలింతము.

ఇల్లినాయ్ రాష్ట్రము 1997లో చేసిన చట్టము ప్రకారము, విధి నిర్వహణలో చట్టము పేర్కొన్న పరిస్థితులలో మరణించిన అధికారి కుటుంబమునకు పూర్తి ప్రీమియంను యజమానియైన ప్రభుత్వ సంస్థయే చెల్లించును. భార్యకు పునర్వివాహము వరకు ఈ రక్షణ కలదు. పిల్లలు చదువుకొనుచున్నను, ఆధారపడియున్నను, 25 ఏండ్లు నిండు సంవత్సరాంతము వరకు వర్తించును.

కాలిఫోర్నియాలో స్థానిక సంస్థల పోలీసు అధికారి మరణించినచో, పూర్వమున్న షరతులతోనే భార్యకు బీమాను కొనసాగింపవలెనని చట్టము శాసించుచున్నది. తల్లి కూడ లేని పిల్లలకు 21 ఏండ్ల వరకు రక్షణ లభించును.

టెక్సాస్‌లో కుటుంబమే బీమాను కొనుక్కొనవలెను. కాని పనిలోనున్న ఉద్యోగి చెల్లించు ధరకే కొనుక్కొను హక్కు కలదు.

మూడును ‘కొనసాగింపు’ అనియే పిలువబడును. అయినను ఒకచోట కుటుంబము ఏమియు చెల్లింపనక్కరలేదు, ఒకచోట మునుపటి వలెనే, మరియొకచోట ఉద్యోగి వంతున చెల్లింపవలెను. కాబట్టి పథకము పేరును చూచి తృప్తిపడరాదు. ఎవరు చెల్లింతురు, ఎంతకాలము, ఏ సంఘటనతో ఆగిపోవును – ఈ మూడు ప్రశ్నలను తప్పక వేయవలెను.

‘విధి నిర్వహణ’ అనగా ఏమి?

నాలుగవ ప్రశ్న ఒకటి గలదు. ఏ మరణము విధి నిర్వహణలో సంభవించినది? తుపాకి గుండు విషయమున సందేహము లేదు. నేరస్థుని తరిమి వచ్చిన పిదప గుండె ఆగినచో ఏమందుము? 2003లో చేసిన ఫెడరల్ చట్టము, కఠినమైన విధి తరువాత 24 గంటల లోపల వచ్చిన గుండెపోటు, పక్షవాతములను కొన్ని షరతులతో ఇందులో చేర్చినది. 2022 నాటి చట్టము, విధులలో ఎదురైన ఘోర దృశ్యముల వలన మనస్సు చెదరి ఆత్మహత్య చేసికొన్న వారి కుటుంబములకు కూడ, నిర్ణీత పరిస్థితులలో, దారి తెరచినది. చట్టములోని ఒక్క నిర్వచనము మారినంతనే ఒక కుటుంబమునకు ఆసరా లభించుటయో, లేకుండుటయో జరుగుచున్నది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ విషయమును గమనింతురు గాక.

మనము నేర్వదగినది

మన దేశములోని ఏర్పాటు వేరు. 1954లో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకములో కుటుంబ పింఛను పొందువారికి కూడ స్థానమున్నది. మన తెలుగు రాష్ట్రముల పోలీసు శాఖలలో ‘ఆరోగ్య భద్రత’ పథకము కలదు. అయినను ఏ పథకమునకైనను పైన చెప్పిన ప్రశ్నలే గీటురాయి.

అమెరికా ఫెడరల్ ఉద్యోగుల నియమమొకటి మనకు మంచి హెచ్చరిక. సాధారణముగా, ఉద్యోగి జీవించియుండగా కుటుంబమును చేర్చిన బీమాను ఎన్నుకొనియుంటేనే మరణానంతరము పింఛనుతో పాటు భార్యాబిడ్డలకు బీమా కొనసాగును. తన ఒక్కని పేరనే తీసికొన్నచో కొనసాగదు. ఒక దరఖాస్తులో పెట్టిన చిన్న గుర్తు కుటుంబ భవితవ్యమును నిర్ణయించినది గదా!

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో పలువురి తల్లిదండ్రులు ఏదో ఒక ఉద్యోగమున ఉన్నవారే. ఇంటిలో చదువు నేర్చినవారు మీరు. బీమా పత్రములలో, సర్వీసు పుస్తకములలో, నామినేషన్ కాగితములలో ఎవరి పేర్లున్నవో, లేనివి ఎవరివో ఒకసారి చదివి చూడుడు. ఆపద వచ్చిన పిదప వెదకుటకంటె ముందే తెలిసికొనుట మేలు. అమరులకు మనమర్పించు వందనము ఒక్క దినముతో ముగియును. వారి బిడ్డకు మందు అందునట్లు చూచుట సంవత్సరములు సాగవలసిన బాధ్యత. అట్టి బాధ్యతను చట్టముగా మలచగలిగిన సమాజమే కృతజ్ఞత ఎరిగిన సమాజమని మేము భావించుచున్నాము.