పసుపు గుడ్డ - గజాల లెక్క

శరదృతువు వచ్చిందంటే మన ఎడిసన్‌లో శుక్రవారాలకు కొత్త కళ వస్తుంది. ఎడిసన్ హైస్కూలులోనో, జె.పి. స్టీవెన్స్ హైస్కూలులోనో ఫుట్‌బాల్ ఆట ఉంటుంది. బ్యాండు మేళం మోగుతుంది. మీలో కొందరి అన్నలో అక్కలో ఆ మేళంలోనే ఉంటారు. ఆట మంచి పట్టుమీద ఉండగా, నలుపు తెలుపు చారల చొక్కా తొడుక్కున్న ఒకాయన నడుము దగ్గరనుంచి పసుపు గుడ్డ లాగి నేలమీదికి విసురుతాడు. జనంలో సగంమంది కేకలు వేస్తారు. మీ పక్కన కూర్చున్న అమ్మమ్మ, "ఏమయిందిరా? బంతిని వెనక్కి ఎందుకు మోసుకుపోతున్నాడు?" అని అడుగుతుంది. ఇంగ్లీషులో అయితే మీరు ఒక్క మాటలో చెప్పేస్తారు. తెలుగులో చెప్పాలంటే తడుముకుంటారు కదూ? ఈ పాఠం అందుకే.

ముందు మైదానం సంగతి చూద్దాం. ఈ ఆటలో అన్ని కొలతలూ గజాల్లోనే. గజం అంటే మూడు అడుగులు. అమ్మమ్మకు ఈ మాట మీకంటే బాగా తెలుసు. హైదరాబాదులో ఇంటి స్థలం కొన్నవారెవరైనా ఇన్ని గజాలు అనే చెబుతారు. ఒక గోలు గీతనుంచి రెండో గోలు గీత వరకు 100 గజాలు. రెండు చివరలా మరో పదేసి గజాల చొప్పున గోలు స్థలాలు ఉంటాయి. వెడల్పు 53 గజాల ఒక అడుగు. మొత్తం 6400 చదరపు గజాలు. తెలంగాణ లెక్కలో చెప్పాలంటే దాదాపు ఎకరం పదమూడు గుంటలు. అమ్మమ్మకు ఇలా చెప్పి చూడండి, ఆటమీద ఆసక్తి వెంటనే పుడుతుంది.

బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు. పోలేకపోతే బంతి ఎదుటివారిది. గీతలమీద అంకెలు ఒక గోలు నుంచి 10, 20 అంటూ 50 వరకు పెరిగి, మధ్య గీత దాటాక మళ్ళీ తగ్గుతూ పోతాయి. అందువల్ల "30వ గజం" అంటే చాలదు, ఎవరి వైపు 30 అనేది కూడా చెప్పాలి.

ఈ ఆటకు మన పొరుగునే పుట్టినిల్లు ఉన్నది. రారిటన్ నదికి అవతలి ఒడ్డున ఉన్న న్యూ బ్రన్స్‌విక్‌లో 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల విద్యార్థులు తలపడ్డారు. కళాశాలల మధ్య జరిగిన మొదటి ఫుట్‌బాల్ పోటీగా దానినే చెబుతారు. ఒక్కో జట్టుకు 25 మంది. రట్గర్స్ 6-4తో గెలిచింది. అయితే అప్పుడు బంతిని మోస్తూ పరుగెత్తడం లేదు, విసరడమూ లేదు. ఇప్పటి ఆట రూపం తరువాత మెల్లమెల్లగా వచ్చింది. నియమాలు పెరిగినకొద్దీ వాటిని నడిపేవారి పనీ పెరిగింది.

చారల చొక్కావారందరినీ మనం రిఫరీలు అనేస్తాం. నిజానికి రిఫరీ ఒక్కరే, తెల్లటోపీ పెట్టుకున్నవారు. మిగిలినవారివి నల్లటోపీలు. హైస్కూలు పెద్ద జట్ల ఆటకు సాధారణంగా అయిదుగురు ఉంటారు. అందరినీ కలిపి నిర్ణేతలు అందాం. తప్పు కనబడితే ఎవరైనా గుడ్డ విసరవచ్చు. జరిమానా ప్రకటించేది మాత్రం తెల్లటోపీయే.

ఈ గుడ్డకూ ఒక కథ ఉన్నది. పూర్వం నిర్ణేతలు తప్పు చూస్తే చిన్న బాకా ఊదేవారు. జనం గోలలో అది వినబడేది కాదు. 1941లో ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్ కళాశాల శిక్షకుడు డ్వైట్ బీడ్ ఒక ఉపాయం ఆలోచించాడు. ఆయన భార్య ఇర్మా పాత బట్టలతో జెండాలు కుట్టి, ఎగిరిపోకుండా బరువు పెట్టి ఇచ్చింది. వాటిని ఒక ఆటలో వాడి చూశారు. ఊదడం పోయి విసరడం వచ్చింది.

గుడ్డ పడినంత మాత్రాన ఆట ఆగదు. ఇది చాలామందికి తెలియదు. బంతి ఆటలో ఉండగా తప్పు జరిగితే, గుడ్డ నేలమీద పడి ఉంటుంది, ఆట తన దారిన సాగిపోతూనే ఉంటుంది. ఎందుకని? తప్పు చేసినది ఒకరు, లాభపడబోయేది రెండోవారు కావచ్చు. వెంటనే ఈల వేసి ఆపేస్తే దెబ్బ తిన్నవాడికే నష్టం. బంతి ఇంకా ఆటలోకి రాకముందే జరిగే తప్పులు వేరు. ఎదుటి జట్టువాడు ముందే గీత దాటి వచ్చినా, బంతి ఉన్న జట్టువాడు ముందే ఉలిక్కిపడి కదిలినా హైస్కూలు ఆటలో అప్పటికప్పుడే ఈల పడుతుంది.

ఇక గజాలు. తప్పును బట్టి 5, 10, 15. ముందే కదలడం, గీత దాటడం, ఆట ఆలస్యం చేయడం వంటివాటికి 5. బంతి లేనివాణ్ణి చేతులతో పట్టి ఆపితే 10. ఇక్కడ మన కబడ్డీకీ దీనికీ తేడా చూడండి. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి ఒడిసి పట్టడమే ఆట. ఇక్కడ బంతి మోసేవాణ్ణి ఎదుటివారు పట్టి పడగొట్టవచ్చు. కాని బంతి మోసేవాడికి దారి చేసే తోటివాళ్ళు ఎదుటివాణ్ణి అడ్డుకోవచ్చునే తప్ప పట్టుకోరాదు. మనిషి ఒంటికి ప్రమాదం తెచ్చే తప్పులకు, అంటే ముఖానికి అడ్డంగా ఉన్న కమ్మీ పట్టి గుంజడం, బంతి విసిరేసినవాణ్ణి ఆ తరువాత గుద్దడం వంటివాటికి, 15.

ఈ 15 గజాల వెనుక చాలా దుఃఖమున్నది. 1905లో ఈ ఆటలో దెబ్బలు తగిలి ఎందరో కుర్రవాళ్ళు చనిపోయారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌ల ప్రతినిధులను శ్వేతభవనానికి పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడు నియమాలు మారాయి. బంతిని ముందుకు విసరవచ్చునన్నారు. రెండు జట్ల మధ్య బంతి పొడవంత ఖాళీ వదలాలన్నారు. గీత దాటితే పడే 5 గజాలు మీకు అల్పంగా తోచవచ్చు. ఆ ఖాళీని కాపాడేది అదే.

ఎన్ని గజాలో చెప్పడం తేలిక. ఎక్కడినుంచి కొలవాలి అన్నదే కష్టం. నిర్ణేత నేర్పంతా ఇక్కడే కనబడుతుంది.

ఎర్ర చొక్కాలవారి చేతిలో బంతి ఉన్నదనుకోండి. తమ వైపు 30వ గజం దగ్గర మొదటి ప్రయత్నం. వాళ్ళ కుర్రవాడు బంతితో పరుగెత్తి మధ్య గీత వరకు, అంటే 50 దాకా వెళ్ళాడు. దారిలో 40 దగ్గర అతని తోటివాడు ఒక తెల్ల చొక్కావాణ్ణి పట్టి ఆపాడు. గుడ్డ పడింది. ఇప్పుడు 50 నుంచి కొలవాలా, 30 నుంచి కొలవాలా? రెండూ కాదు. 40 వరకు వచ్చిన పరుగు న్యాయంగా వచ్చినదే. ఆ తరువాతి పది గజాలే ఆ పట్టువల్ల వచ్చినవి. కనుక తప్పు జరిగిన 40 నుంచి పది వెనక్కి, అంటే 30కి. మొదటి ప్రయత్నం మళ్ళీ ఆడాలి.

అదే పరుగులో తప్పు తెల్ల చొక్కావాడిదనుకోండి. పరుగెత్తేవాడి ముఖపు కమ్మీ పట్టి గుంజాడు. అప్పుడు పరుగు ముగిసిన 50 నుంచి 15 గజాలు ముందుకు. బంతి తెల్లవారి వైపు 35కు చేరుతుంది. మోసపోయినవాడు కష్టపడి సంపాదించినది అతనికే ఉంచి, దానిమీద జరిమానా కలుపుతారన్నమాట. ఈ రెండు లెక్కలూ కాగితంమీద గీసి చూస్తే చక్కగా మనసుకు పడతాయి.

గోలు గీత దగ్గర ఇంకొక కట్టుబాటు ఉన్నది. కొలత మొదలుపెట్టిన చోటునుంచి తప్పు చేసిన జట్టు గోలు గీత వరకు ఉన్న దూరంలో సగానికి మించి జరిమానా వేయరాదు. తమ వైపు 12వ గజం దగ్గరనుంచి 10 గజాల జరిమానా పడితే బంతి 2కు పోదు, 6 దగ్గర ఆగుతుంది.

అన్నిటికంటే చక్కని నియమం మరొకటి. జరిమానా కావాలా, వద్దా అనేది నిర్ణేత ఇష్టం కాదు. నష్టపోయిన జట్టు ఇష్టం. ఎర్రవారికి మూడో ప్రయత్నం, బంతి తమ వైపు 40 దగ్గర, ఇంకా 8 గజాలు పోవాలి. గీత దగ్గరే ఎవరినో పట్టి ఆపారు. అయినా విసిరిన బంతి నేలపాలైంది. తెల్లవారు జరిమానా కావాలంటే బంతి 30కి పోతుంది, కాని ఎర్రవారికి మూడో ప్రయత్నం మళ్ళీ దొరుకుతుంది. వద్దంటే బంతి 40 దగ్గరే ఉంటుంది, మిగిలేది నాలుగో ప్రయత్నం ఒక్కటే. తెల్లవారు సాధారణంగా "వద్దు" అనే అంటారు. అది దయ కాదు, లెక్క. అప్పుడు తెల్లటోపీ రెండు చేతులూ కిందికి చాపి అటూ ఇటూ ఊపుతాడు. అమ్మమ్మ, "తప్పు చేస్తే వదిలేశారేమిటి?" అంటే ఈ లెక్క చెప్పండి. బంతి ఆటలో ఉండగా రెండు జట్లూ తప్పు చేస్తే, చాలా సందర్భాల్లో రెండూ చెల్లు. ఆ ప్రయత్నమే మళ్ళీ ఆడతారు.

మరొక సంగతి. ఆదివారం టీవీలో చూచే ఎన్.ఎఫ్.ఎల్. నియమాలు వేరు, శుక్రవారం మన హైస్కూలు నియమాలు వేరు. బంతి అందుకోబోయేవాణ్ణి ముందే అడ్డుకుంటే, టీవీ ఆటలో తప్పు జరిగిన చోటే బంతి పెడతారు. అది 40 గజాల దూరమైనా సరే. హైస్కూలులో బంతి మొదలైన చోటునుంచి 15 గజాలే. ఈ తేడా తెలియక చారల చొక్కావారిని తిట్టే పెద్దవారు చాలామంది ఉంటారు.

నిర్ణేతలూ మనుషులే. 1940 నవంబరు 16న కార్నెల్, డార్ట్‌మత్ కళాశాలల ఆటలో డార్ట్‌మత్ 3-0తో ముందున్నది. చివరి క్షణాల్లో బంతి కార్నెల్ చేతిలో, గోలు గీతకు దగ్గరలో ఉన్నది. మూడు ప్రయత్నాలయ్యాక ఆట ఆలస్యం చేసినందుకు 5 గజాల జరిమానా పడింది. తరువాత నాలుగో ప్రయత్నంలో బంతి నేలపాలైంది. బంతి డార్ట్‌మత్‌కు పోవాలి. కాని ఆ గందరగోళంలో రిఫరీ రెడ్ ఫ్రీసెల్ లెక్క తప్పి కార్నెల్‌కే మరొక ప్రయత్నం ఇచ్చాడు. ఆ అయిదో ప్రయత్నంలో వాళ్ళు గోలు దాటి 7-3తో గెలిచారు. తరువాత ఫిల్ము చూస్తే సంగతి బయటపడింది. ఫ్రీసెల్ తన పొరపాటును ఒప్పుకున్నాడు. కార్నెల్ విజయాన్ని వదులుకుంటామని డార్ట్‌మత్‌కు కబురు పంపింది. ఆ ఆట నేటికీ 3-0గానే లెక్కలో ఉన్నది. 1990 అక్టోబరు 6న కొలరాడో, మిసూరీ ఆటలోనూ ఇలాగే అయిదో ప్రయత్నం ఇచ్చారు. కొలరాడో 33-31తో గెలిచింది. ఆ గెలుపును మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. ఏది మెచ్చుకోదగినదో మీరే చెప్పండి.

ఇలాంటి పొరపాటు రాకుండా నిర్ణేతలు మణికట్టుకు సాగే పట్టీ కట్టుకుంటారు. దాని ఉచ్చును ఎన్నో ప్రయత్నమైతే అన్నో వేలికి తగిలించుకుంటారు. ఈసారి ఆటకు వెళితే వాళ్ళ వేళ్ళు గమనించండి.

ఇప్పుడు ఈ పనికి మనుషులు చాలడం లేదు. 2018-19 తరువాత దేశంలో అన్ని ఆటలూ కలిపి దాదాపు 50,000 మంది హైస్కూలు నిర్ణేతలు ఆ పని మానుకున్నారని హైస్కూలు ఆటల జాతీయ సమాఖ్య తెలిపింది. ముఖ్య కారణం చూచేవారి తిట్లు. నిర్ణేతలు దొరకక శుక్రవారం ఆటలను గురువారానికో శనివారానికో మార్చుకున్న చోట్లు ఉన్నాయి. ఇందులో ఆడపిల్లలకూ చోటున్నది. మిసిసిపీ రాష్ట్రానికి చెందిన సారా థామస్ చిన్న ఆటలతో మొదలుపెట్టి, 2015లో ఎన్.ఎఫ్.ఎల్.కు పూర్తికాలపు నిర్ణేతగా ఎంపికైన మొదటి మహిళ అయింది. 2021 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆటలోనూ నిలబడింది.

అభ్యాసం

1. బంతి ఎర్రవారి వైపు 8వ గజం దగ్గర ఉన్నది. అక్కడినుంచి వారికి 10 గజాల జరిమానా పడింది. బంతిని ఎక్కడ పెట్టాలి? కారణం రాయండి.

2. రెండో ప్రయత్నం. తెల్లవారి బంతి తమ వైపు 20 దగ్గర మొదలై, పరుగు 44 దగ్గర ముగిసింది. తోటి ఆటగాడు 35 దగ్గర ఎదుటివాణ్ణి పట్టి ఆపాడు. ఎర్రవారు జరిమానా కోరారు. తరువాతి ప్రయత్నం ఎన్నోది? ఎక్కడినుంచి?

3. మీ ఇంట్లో ఫుట్‌బాల్ చూడనివారు ఒకరికి పసుపు గుడ్డ సంగతి తెలుగులోనే చెప్పండి. వారు అడిగిన ప్రశ్నల్లో మీరు జవాబు చెప్పలేకపోయినదాన్ని రాసుకొని వచ్చే తరగతికి తీసుకురండి.