చెయ్యి వణికితే రాజీనామా రాయకండి

ఖమ్మం జిల్లా కారేపల్లి చుట్టుపక్కల బొగ్గుబావిలోనో, ఆర్టీసీలోనో, బడిలోనో పనిచేసేవాళ్లకు పార్కిన్సన్స్ వస్తే మొదట వణికే చేతిని జేబులో దాచుకుంటారు. పదిమందిలో సంతకం పెట్టరు. తాగొచ్చాడన్న మాట కూడా పడతారు. ఒకరోజు విసిగిపోయి రాజీనామా రాసిచ్చేస్తారు. నా బాధంతా ఆ కాగితం గురించే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఒకటి. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదంటుంది 20వ సెక్షన్. పాత పని చేయలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పని ఇవ్వాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టులో ఉంచాలి. సింగరేణి, ఆర్టీసీ కూడా దీని కిందికే వస్తాయి. మీరే రాజీనామా చేశాక ఈ హక్కు అడగడం చాలా కష్టం. ముందు వైకల్య సర్టిఫికెట్, ఆపైన వేరే పని కోసం దరఖాస్తు. దాని నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.

ఈ జబ్బుకిచ్చే లెవోడోపా మాత్ర అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి; పప్పు, గుడ్డులోని మాంసకృత్తులు దాన్ని అడ్డుకుంటాయి. షిఫ్టు మారినా మాత్ర వేళ తప్పొద్దు. మన అడవుల్లోని దూలగొండి గింజల్లో ఉన్నదీ ఈ మందే. అలాగని డాక్టరుకు చెప్పకుండా ఆ పొడి కూడా మింగితే మోతాదు లెక్క తప్పుతుంది.

కొన్నేళ్లకు మాత్ర బలం తొందరగా దిగిపోతుంటే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ (డీబీఎస్) ఆపరేషన్ గురించి అడగండి. 1987లో ఫ్రాన్సులో న్యూరోసర్జన్ బెనబిడ్ చూపిన దారి ఇది. మెదడు లోతులో సన్నని తీగలు, కాలర్ ఎముక కింద వాటికి కరెంటిచ్చే బ్యాటరీ పెడతారు. రోబో ఉన్నచోట అది స్కానింగుల్లో గీసుకున్న దారికి పరికరాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆపరేషన్ చేసేది సర్జనే. వణుకు, బిగుతు తగ్గుతాయి. మతిమరుపు తగ్గదు, జబ్బు పూర్తిగా పోదు.

హైదరాబాద్ నిమ్స్‌లో ఈ ఆపరేషన్ ఏళ్లుగా చేస్తున్నారు. సెలవు ఆపరేషన్ రోజులకే లెక్కేసుకోకండి. కరెంటు మోతాదు సరిచేయించుకోవడానికి నెలల తరబడి కారేపల్లిలో రైలెక్కుతూనే ఉండాలి. ఛార్జింగ్ లేని బ్యాటరీని కొన్నేళ్లకోసారి మార్చాలి, ఆ ఖర్చు ముందే అడగండి. బ్యాటరీ పెట్టాక వెల్డింగ్ దగ్గర డ్యూటీ ఉంటే మార్పించుకోండి. నడుంనొప్పికి డయాథర్మీ కాపు పెట్టించుకుంటే ప్రాణానికే ముప్పు. ఎంఆర్ఐ తీసేముందు కూడా బ్యాటరీ సంగతి చెప్పాలి. ఆసుపత్రి ఇచ్చే కార్డు ఆధార్ పక్కనే పర్సులో ఉంచుకోండి.