నేలపట్టు నేర్పిన పాఠం

తమ్ముళ్లూ! పదో తరగతిలో 'ఆవరణ వ్యవస్థ' నిర్వచనం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. అది అర్థమైంది మాత్రం పీజీలో, దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు చెరువు గట్టు మీద.

ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండుతుంది. నీళ్లలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కడతాయి. పులికాట్ సరస్సు నుంచి పిల్లలకు చేపలు తెస్తాయి. వాటి రెట్ట చెరువులో పడుతుంది. బాక్టీరియా దాన్ని పోషకాలుగా మారుస్తుంది. ఆ నీరు పారిన పొలానికి అదే ఎరువు.

ఇందులో వాన నిర్జీవ అంశం. చెట్టు ఉత్పత్తిదారు, పక్షి వినియోగదారు, బాక్టీరియా విచ్ఛిన్నకారి. వాన తప్పితే గూడు లేదు. సరస్సు ముఖద్వారం ఇసుకతో పూడితే చేప తగ్గి గూడబాతుకూ, జాలరికీ పస్తే.

చదువుకోని మా నాన్న "పక్షులొచ్చిన ఏడు పంట పండుద్దిరా" అనేవాడు. నా పుస్తకంలో దాని పేరు పోషక చక్రం. సెలవుల్లో మీ ఊరి చెరువునూ ఇలా చదివి చూడండి.