ఇంగ్లండు నజరేతు: వాల్సింగం

ఇంగ్లండులో నార్ఫోక్ సీమలోని చిన్న పల్లె వాల్సింగం. 1061లో రిచెల్డిస్ అనే భక్తురాలికి మరియమాత దర్శనమిచ్చి, మంగళవార్త వినిపించిన నజరేతు ఇంటి వంటిదే అక్కడ కట్టించమని కోరినట్లు సంప్రదాయం. 12వ శతాబ్దంలో అగస్టీను సభవారు అక్కడ మఠం నెలకొల్పారు. రాజులూ పేదలూ యాత్రికులై వచ్చారు. 1511లో ఎనిమిదవ హెన్రీ రాజు కూడా వచ్చాడు.

అదే రాజు పోపుగారితో తెగతెంపులు చేసుకొన్నాడు. 1537లో, తిరుగుబాటు తలపెట్టాడనే నేరంపై ఉపమఠాధిపతి నికోలాస్ మైలెంకు మరణశిక్ష విధించారు. 1538లో మఠాన్ని మూయించి, మాత స్వరూపాన్ని తగులబెట్టించారు.

పల్లెకు మైలు దూరాన 14వ శతాబ్దపు చిన్న గుడి ఒకటి మిగిలింది. యాత్రికులు అక్కడ చెప్పులు విడిచి, వట్టికాళ్లతో నడిచేవారని చెబుతారు. కాలక్రమాన అది పశువుల కొట్టమైంది. 1890లలో షార్లెట్ బాయిడ్ అనే స్త్రీ దానిని కొని, బాగుచేయించి, శ్రీసభకు ఇచ్చివేసింది. 1897లో యాత్ర తిరిగి మొదలైంది. 1934లో ఆ గుడి కతోలికుల జాతీయ పుణ్యక్షేత్రమైంది. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు దానికి బసిలికా హోదా ఇచ్చారు.

ఆమె రాణి కాదు, మఠాధిపతి కాదు. పాడుబడిన గుడి ఎవరిదో తెలిసిన విశ్వాసి. మన విచారణ గుడికీ అటువంటి వారు ఉండే ఉంటారు. ఈ రాత్రి జపమాల తరువాత, వారెవరో పిల్లలకు చెప్పండి.